పెరటి వడ్రంగి షెడ్డుకు రేకులా, పెంకులా?

గుంటూరులో మా పెరట్లో వడ్రంగి పనికి 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున షెడ్డు వేసుకోవాలనుకున్నాక, మిత్రులందరమూ ఎక్కువగా తర్జనభర్జన పడినది కప్పు గురించే.

జింకు రేకులు తేలిక కనుక, పని రాని నలుగురం కలిసినా ఇనుప గొట్టాల చట్రం మీద ఒకటి రెండు రోజుల్లో బిగించుకోగలం. అయితే మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్లో మధ్యాహ్నం రేకు కింద నిలబడి చిత్రిక పట్టడం దుర్భరం. సరిగా ఆరని పలకలు ఆ వేడికి చివరల నుంచి నెర్రెలిచ్చి వంకర తిరుగుతాయి. చలికాలపు తెల్లవారుజామున రేకు లోపలివైపు పట్టిన తేమ బొట్టుబొట్టుగా జారి ఉలి మీద పడితే, మర్నాటికి అక్కడ తుప్పు మచ్చ కనిపిస్తుంది.

మంగళూరు పెంకు ఒక్కొక్కటి రెండు కిలోలకు పైగా తూగుతుంది, చదరపు మీటరుకు సుమారు 15 పడతాయి. అంత బరువుకు గట్టి దూలాలు, వాసాలు కావాలి. మా నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి, పునాది విషయంలో అనుభవమున్న మేస్త్రీని పిలవక తప్పదు. కోతులు దూకితే పెంకులు పగులుతాయి కూడా. అయినా వేడిగాలి పెంకుల సందుల గుండా పైకి పోతుంది, చెక్కా మనిషీ ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటారు. రోజూ పని చేయదలచినవారికి నేను పెంకునే సూచిస్తాను; ఆదివారాలు ఉదయం పూట మాత్రమే చేసేవారికి రేకు చాలు.