డిస్ట్రిబ్యూటరా, భాగస్వామా, సొంత ఫ్యాక్టరీయా: విదేశీ మార్కెట్‌కు ఏ దారి మేలు?

విదేశంలో అమ్మాలనుకునే తయారీ కంపెనీ మొదట పెట్టుబడి ఎంతో లెక్క వేస్తుంది. అంతకంటే ముందు వేయాల్సిన లెక్క ఇంకొకటి ఉంది: బెడిసికొడితే బయటపడటానికి ఎంతవుతుంది? మూడు దారులనూ ఈ కొలతతోనే తూచాలి.

డిస్ట్రిబ్యూటర్ ద్వారా ఎగుమతి పైకి చవగ్గా కనిపిస్తుంది. దెబ్బ తగిలేది సరుకు దగ్గర. 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ కరెంటు కోసం చేసిన ఇండక్షన్ మోటారును 60 హెర్ట్జ్ దేశంలో నేరుగా కలిపితే వేగం దాదాపు 20 శాతం పెరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ పంపుకైతే దాంతో 70 శాతానికి పైగా ఎక్కువ పవర్ కావాలి, మోటారు వేడెక్కి కాలిపోవచ్చు. ఫ్రీక్వెన్సీ వదిలేసి వోల్టేజి ఒక్కటే సరిచూసుకుని పంపేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. చెక్క పెట్టెల సంగతీ అంతే. చెక్కతో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నియమం ఐఎస్‌పీఎం 15 ప్రకారం వేడితో శుద్ధి చేస్తే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాలు ఆగకుండా తగలాలి, శుద్ధి చేసినట్టు పెట్టె మీద ముద్ర ఉండాలి. ముద్ర లేకపోతే లోపల యంత్రం ఎంత బాగున్నా సరుకు రేవులోనే ఆగిపోతుంది. ధర మాట్లాడేటప్పుడు డీడీపీ (సుంకం కూడా కట్టి సరుకు అప్పగించే) షరతుకు తొందరపడి ఒప్పుకోకూడదు. అవతలి దేశపు సుంకాలు, కస్టమ్స్ క్లియరెన్స్ అన్నీ అమ్మేవాడి నెత్తిన పడతాయి.

బయటపడే ఖర్చు మాత్రం ఈ దారిలోనే తక్కువ. అయితే ట్రేడ్‌మార్క్, ఉత్పత్తి రిజిస్ట్రేషన్, సర్టిఫికెట్లు కంపెనీ పేరనే ఉండాలి. డిస్ట్రిబ్యూటర్ పేరున చేయించుకుంటే అతన్ని మార్చిన రోజు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. చైనాలో ట్రేడ్‌మార్క్ సాధారణంగా ముందు దరఖాస్తు చేసినవాడిదే, కాబట్టి బేరాలకు ముందే ఆ పని ముగించాలి. యూరప్‌లో ఇంకో మెలిక ఉంది: కమీషన్ మీద పనిచేసే ఏజెంటును తీసేస్తే 1986 నాటి ఈయూ డైరెక్టివ్ ప్రకారం అతనికి పరిహారం అడిగే హక్కు ఉంటుంది. సరుకు కొని తన లెక్కలో అమ్ముకునే డిస్ట్రిబ్యూటర్‌కు ఆ డైరెక్టివ్ వర్తించదు. కాగితం మీద రాసిన పేరు కాదు, అతను నిజంగా చేసే పనే తేడా తెస్తుంది.

రెండో దారి జాయింట్ వెంచర్, అంటే అక్కడి కంపెనీతో కలిసి పెట్టే ఉమ్మడి సంస్థ. ఇందులో భాగస్వామి స్థలం, లైసెన్సులు, పరిచయాలు తెస్తాడు, మన పనితనం నేర్చుకుంటాడు. ఫ్రాన్స్ ఆహార కంపెనీ డానోన్, చైనా పానీయాల కంపెనీ వహాహా 1996లో చైనాలో చేతులు కలిపాయి. ఉమ్మడి సంస్థ బయట అవే పానీయాలు తయారవుతున్నాయని డానోన్ ఆరోపించింది, అనేక దేశాల్లో వ్యాజ్యాలు నడిచాయి, చివరికి 2009లో తన 51 శాతం వాటా అమ్ముకుని తప్పుకుంది. సగానికి పైగా వాటా ఉన్నంత మాత్రాన పగ్గాలు చేతిలో ఉన్నట్టు కాదు. 50:50 మరీ ప్రమాదం, మాట కుదరకపోతే ఏ నిర్ణయమూ కదలదు. సంతకానికి ముందే వాటా ఎవరు ఎవరికి, ఏ లెక్కన అమ్మాలో, తగాదా ఏ దేశపు ఆర్బిట్రేషన్‌కు (కోర్టు బయటి మధ్యవర్తిత్వానికి) వెళ్ళాలో రాసుకోవాలి.

సంస్కృతి తేడా గట్టిగా తగిలేదీ ఇక్కడే, కానీ అది దాటరాని గోడేమీ కాదు. జనరల్ మోటార్స్ 1982లో మూసేసిన కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ల ప్లాంటును 1984లో టయోటాతో కలిసి నుమ్మీ పేరుతో తెరిచింది. చాలామటుకు పాత కార్మికులే, పాత యూనియనే. మారింది పద్ధతి: కొందరిని జపాన్‌కు పంపి నేర్పించారు, లోపం కనబడితే లైన్ ఆపే తాడు కార్మికుడి చేతికిచ్చారు. నాణ్యత లేచింది. తాడు కట్టగానే సరిపోదని మాత్రం గుర్తుంచుకోవాలి. లైన్ ఆపినవాడిని సూపర్‌వైజర్ ఒక్కసారి కసిరితే మళ్ళీ ఎవరూ దాన్ని ముట్టరు. పైవాడికి తప్పు చెప్పడం అమర్యాద అనుకునే చోట ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

సొంత ఫ్యాక్టరీలో అధికారమంతా మనదే, నష్టమూ మనదే. ఫోక్స్‌వాగన్ అమెరికాలోని వెస్ట్‌మోర్‌ల్యాండ్‌లో 1978లో కార్ల తయారీ మొదలుపెట్టి 1988లో మూసేసింది. హోండా ఒహాయోలో 1979లో మోటార్‌సైకిళ్ళతో మొదలై, 1982లో కార్లకు వెళ్ళింది. చిన్న లైన్ మీద మనుషులనూ సరఫరాదారులనూ ముందే పరీక్షించుకునే వీలు ఆ క్రమంలో ఉంది. కొత్త దేశంలో మొదట కుంటుపడేది సాధారణంగా యంత్రాలు కాదు, స్థానికంగా కొనే ఉక్కు, కాస్టింగులు (పోత భాగాలు), రబ్బరు. అదే డ్రాయింగ్‌కు పోసినా గట్టిదనం, కొలతలు తేడా వస్తాయి. అందుకే మొదటి నమూనాలకు పూర్తి కొలతల రిపోర్టు తీసుకోకుండా ఆర్డర్ ఇవ్వకూడదు.

చాలా కంపెనీలకు నా ఓటు డిస్ట్రిబ్యూటర్‌కే, పక్కన కంపెనీ సొంత విడిభాగాల గోదాము, ఇద్దరు సర్వీస్ ఇంజనీర్లతో. ఫిర్యాదులు నేరుగా చెవిన పడతాయి, అమ్మకాలు నిలకడగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. జాయింట్ వెంచర్ చట్టం అడిగినప్పుడు, లేదా భాగస్వామి దగ్గర డబ్బుతో కొనలేనిది ఉన్నప్పుడు మాత్రమే. సుంకం, రవాణా కలిపి లాభాన్ని మింగేస్తూ, గిరాకీ ప్లాంటును నింపగలదని తేలాకే సొంత ఫ్యాక్టరీ. మధ్యలో విడిభాగాలు పంపి అక్కడ బిగించే దారి ఉంది కదా అనుకునేవాళ్ళు ముందు ఆ దేశపు టారిఫ్ పుస్తకం చూడాలి. సరుకులకు సుంకం కోసం దేశాలు వాడే ఉమ్మడి హెచ్‌ఎస్ వర్గీకరణలోని 2(ఎ) నియమం ప్రకారం బిగించకుండా పంపిన పూర్తి వస్తువును కూడా తయారైన వస్తువుగానే లెక్కిస్తారు. కిట్లకు విడిగా తక్కువ రేటు రాసి ఉంటేనే సుంకం ఆదా అవుతుంది.