బుద్ధుడి బోధను సుత్తాల్లోనే చదవాలంటే: సుత్తసెంట్రల్ సైటు సమీక్ష

బౌద్ధం మీద ఆసక్తి ఉన్న తెలుగువాళ్ళలో చాలామందికి బుద్ధుడి కథ తెలుసు, నాలుగు ఆర్యసత్యాల పేర్లూ తెలుసు. ఆ మాటలు ఏ సుత్తంలో (బుద్ధుడి ఉపదేశ పాఠంలో), ఏ సందర్భంలో ఉన్నాయో చూద్దామంటే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఇంగ్లిష్ చదవగలిగినవాళ్ళకు ముందుగా చెప్పదగ్గ చోటు సుత్తసెంట్రల్. దీన్ని 2005లో భిక్ఖు సుజాతో, రాడ్ బక్నెల్, జాన్ కెల్లీ మొదలుపెట్టారు. పాళీ సుత్తాలకు చైనా ఆగమాల్లో (చైనా భాషలో మిగిలిన సుత్త సంకలనాల్లో) సమానమైనవి ఏవో చూపే పట్టికలు అప్పటి పని. 2018లో సుజాతో చేసిన నాలుగు నికాయాల (దీఘ, మజ్ఝిమ, సంయుత్త, అంగుత్తర అనే పెద్ద సుత్త సంకలనాల) పూర్తి అనువాదం వచ్చాక మామూలు పాఠకుడికి కూడా పనికొచ్చే సైటు అయింది. అనువాదం మీద హక్కులేవీ ఉంచుకోలేదు కాబట్టి కాపీ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, తెలుగులోకి తెచ్చుకోవచ్చు.

ఒక్కటే జాగ్రత్త: మొదటి పేజీ నుంచి వరసగా చదవొద్దు. దీఘ నికాయంలో 34 సుత్తాలు, మజ్ఝిమలో 152, సంయుత్తంలో 56 సంయుత్తాలు (విషయాన్ని బట్టి చేసిన విభాగాలు), అంగుత్తరంలో 11 నిపాతాలు (సంఖ్యను బట్టి చేసిన విభాగాలు). ఈ వరస కట్టింది కంఠస్థం చేసేవాళ్ళ కోసం, కొత్తగా వచ్చినవాళ్ళ కోసం కాదు. దీఘంలో మొదటిదైన బ్రహ్మజాల సుత్తం ఆనాటి 62 వాదాల చిట్టా. మజ్ఝిమంలో మొదటిదైన మూలపరియాయం ఇంకా కష్టం. విన్న భిక్షువులు సంతోషించలేదని ఆ సుత్తం చివరే రాసి ఉంది. చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

మొదట తెరవాల్సింది సంయుత్తం 56.11, సారనాథ్‌లో ఐదుగురు భిక్షువులకు చెప్పిన ధమ్మచక్కప్పవత్తన సుత్తం. సైటు చిరునామా చివర ఏటవాలు గీత (/) పెట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో ఎస్, ఎన్, ఆ వెంటనే ఖాళీ వదలకుండా 56.11 కొడితే నేరుగా వస్తుంది. ఇందులో నాలుగు సత్యాల జాబితా కన్నా ముఖ్యమైనది ఒకటుంది: ఒక్కో సత్యానికీ ఒక్కో పని. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవాలి, దాని కారణాన్ని వదలాలి, నిరోధాన్ని స్వయంగా చూడాలి, మార్గాన్ని సాధన చేసి పెంచుకోవాలి. పాఠ్యపుస్తకాల్లో ఈ నాలుగు పనుల ఊసు సాధారణంగా ఉండదు. అందుకే ‘అంతా దుఃఖమే అన్నాడు బుద్ధుడు’ అనే అభిప్రాయం మిగిలిపోతుంది.

ఆ తర్వాత సంయుత్తం 45.8లో అష్టాంగ మార్గంలోని ఎనిమిదింటికీ ఒక్కో నిర్వచనం ఉంది. సమ్యక్ వాక్కు అంటే అబద్ధం, చాడీ, పరుషం, పనికిమాలిన కబుర్లు ఈ నాలుగూ మానడం, అంత స్పష్టంగా. అది అయ్యాక సంయుత్తం 22.59 చదవాలి. రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం అనే ఐదు స్కంధాల్లో ఏదీ ‘నేను’ కాదనే వాదన అందులో ఉంది. ఇవే ‘నేను’ అయితే ‘ఇలా ఉండు, అలా ఉండకు’ అంటే మాట వినాలి కదా అన్నది దాని తర్కం. ఇక్కడ తెలుగు పాఠకుడు కాస్త ఆగాలి. విజ్ఞానం మనకు సైన్సు, సంజ్ఞ మనకు గుర్తు. సుత్తాల్లో మొదటిది ఎరుక, రెండోది చూసినదాన్ని గుర్తుపట్టడం.

అంగుత్తరం 3.65, కాలాములు అనేవాళ్ళకు చెప్పిన కాలాముల సుత్తం, ఎక్కువగా సగమే ప్రచారంలో ఉంది. విన్నామనీ, పరంపరగా వచ్చిందనీ, గ్రంథంలో ఉందనీ, గురువు చెప్పాడనీ ఒప్పుకోవద్దనే భాగం అందరూ చెబుతారు. తర్కానికి నిలిచిందని కూడా ఒప్పుకోవద్దని అదే జాబితాలో ఉంది, దాన్ని వదిలేస్తారు. ఏది చేస్తే హాని కలుగుతుందో, వివేకవంతులు దేన్ని తప్పుపడతారో స్వయంగా తెలుసుకుని వదలమని ఆ వెంటనే బుద్ధుడు చెబుతాడు. నచ్చింది నమ్ముకోమని కాదు. వాట్సాప్‌లో తిరిగే ‘బుద్ధుడు చెప్పాడు’ బాపతు మాటల్ని సరిచూడటానికి ఈ సైటును మించింది లేదు.

సంసారంలో ఉన్నవాళ్ళకు దీఘం 31, సిగాలుడనే గృహస్థుడికి చెప్పినది. దిక్కులకు మొక్కడమంటే ఎవరిని గౌరవించడమో ఇందులో ఉంది: తల్లిదండ్రులు తూర్పు, గురువులు దక్షిణం, భార్యాబిడ్డలు పడమర, స్నేహితులు ఉత్తరం, పనివాళ్ళు కింది దిక్కు, శ్రమణ బ్రాహ్మణులు పై దిక్కు. సంపాదనను నాలుగు భాగాలు చేసి ఒకటి అనుభవించమనీ, రెండు వృత్తిలో పెట్టమనీ, ఒకటి ఆపదకు దాచమనీ ఇందులోనే ఉంది. ధ్యానానికి మజ్ఝిమం 10. దాని పెద్ద రూపం దీఘం 22.

పేజీ పైన వ్యూస్ అనే చోట అమరికలు మార్చుకోవాలి. పాళీని అనువాదం పక్కన పెట్టుకోవచ్చు, కానీ ఫోన్‌లో రెండు నిలువు వరసలు ఇరుకైపోతాయి. వాక్యం కింద వాక్యం వచ్చే పద్ధతే నయం. పాళీ లిపిని తెలుగుకు మార్చుకోవచ్చు. నిఘంటువు పెట్టుకుంటే పాళీ పదం మీద నొక్కగానే అర్థం వస్తుంది. నోట్స్ తెరిచి ఉంచడం మంచిది, సుజాతో ఎందుకలా అనువదించారో అక్కడ తెలుస్తుంది.

ఆయన మాటల ఎంపికే కొత్తవాళ్ళను తికమక పెట్టేది. సమాధికి ఇమ్మర్షన్, నిబ్బానానికి (నిర్వాణానికి) ఎక్స్‌టింగ్విష్‌మెంట్, సంఖారాలకు (సంస్కారాలకు) చాయిసెస్ అంటారు. వేరే అనువాదం చదివి వచ్చినవాళ్ళకు ఇది వేరే బోధలా కనిపిస్తుంది. వాక్యం కింద పాళీ కనబడుతుంటే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. సుత్తాల నంబర్లతోనూ చిక్కుంది. కాలాముల సుత్తం ఇక్కడ 3.65, బర్మా ప్రతిలో 3.66. ఏదైనా పుస్తకం చెప్పిన నంబరు కలవకపోతే ఒకటి ముందూ వెనకా చూడండి.

అసలు లోటు అట్ఠకథలు (సుత్తాల మీది పాత వ్యాఖ్యానాలు) లేకపోవడం. ధమ్మపదంలోని 423 గాథలు ఇక్కడ ఉన్నాయి, వాటి వెనక కథలు మాత్రం అట్ఠకథలోవి. వాటికి విపశ్యన పరిశోధన సంస్థ వారి తిపిటక.ఆర్గ్‌కు వెళ్ళాలి. 1954–56లో రంగూన్‌లో జరిగిన ఆరో సంగాయనలో (బౌద్ధ మహాసభలో) స్థిరపరచిన మూలం, అట్ఠకథలు, వాటి మీది టీకలు అన్నీ తెలుగు లిపిలోనే ఉన్నాయి. అనువాదం ఉండదు. అక్కడ ఏ, ఓ ఎప్పుడూ దీర్ఘాలుగానే రాస్తారు. ‘సేయ్యథాపి’ అని ఉన్నా జంటాక్షరం ముందు హ్రస్వంగా ‘సెయ్యథాపి’ అనే పలకాలి. ఆ ప్రతిలో మజ్ఝిమం 10 పొడవుగా ఉంటుంది, దీఘం 22లోని సత్యాల వివరణ అందులో కలిసిపోయింది.

మహాయాన గ్రంథాల కోసం వెళ్తే సుత్తసెంట్రల్ నిరాశపరుస్తుంది. మహాయాన తాత్త్వికుడు నాగార్జునుడి కారికలు (పద్యాలు) అక్కడ దొరకవు. అయితే మూలమధ్యమక కారికల 15వ అధ్యాయంలో ఆయన పేరుపెట్టి ప్రస్తావించిన కాత్యాయనుడికి చేసిన బోధ సంయుత్తం 12.15గా ఉంది. ‘ఉంది’, ‘లేదు’ అనే రెండు కొసల్నీ వదలమనే చిన్న సుత్తం. కింద ప్యారలల్స్ నొక్కితే చైనా సంయుక్తాగమం 301 కూడా కనిపిస్తుంది. నాగార్జునుడిని ఇష్టపడేవాళ్ళు కారికలకన్నా ముందు ఈ రెండూ పక్కపక్కన చదివితే చాలా తేలికవుతుంది.

సుత్తనిపాతం అనే సంకలనంలో ఐదో వర్గాన్నీ వదలొద్దు. 5.1లో అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉన్న బావరి అనే బ్రాహ్మణుడు తన పదహారుమంది శిష్యుల్ని బుద్ధుడి దగ్గరికి పంపుతాడు. 5.2 నుంచి 5.17 దాకా ఒక్కొక్కరి ప్రశ్నలూ జవాబులూ. పద్యాలు బిగువుగా ఉంటాయి, స్కంధాల సుత్తాలు చదివాకే వీటిలోకి వెళ్ళండి.

అన్నీ ఉచితమే. ఫోన్‌లో చదవడం కష్టమైతే సుజాతో అనువాదాలు ఈపబ్, పీడీఎఫ్ రూపాల్లో అక్కడే దొరుకుతాయి. నాలుగు నికాయాలూ ఒకేసారి దించుకోకుండా ముందు మజ్ఝిమం ఒక్కటి తీసుకోండి.