హైదరాబాద్ చుట్టుపక్కల బోటింగ్: నేను ముందు చూసేది లైఫ్ జాకెట్లే

సెలవులొస్తే చాలు మా పిల్లలు బోటింగ్ అంటారు, మా అత్తగారు కూడా రెడీ అయిపోతారు, అందుకని సిటీలోవి, చుట్టుపక్కలవి కొన్ని తిరిగాం. ఎక్కడ బాగుందో చెప్తా గానీ మార్కులు వ్యూకి కాదు, జాకెట్లు ఎలా ఉన్నాయి, వేయించి బకిల్ పెట్టించాకే బోటు కదిలిస్తున్నారా లేదా, దానికే వేస్తా.

పెద్దవాళ్ళతో అయితే హుస్సేన్ సాగర్ చాలు. లుంబినీ పార్క్ దగ్గర ఎక్కి బుద్ధుడి దాకా వెళ్ళి రావడమే, సాయంత్రం లైట్లు పడ్డాక వెళ్తే బాగుంటుంది. సిటీ మధ్యలో ఉన్న చెరువే కదా అనుకోవద్దు, 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని తీసుకెళ్తున్న బార్జ్ ఇక్కడే ఒరిగిపోయి మనుషులు పోయారు, విగ్రహాన్ని పైకి తీసింది 1992లో. 2025 జనవరి 26 రాత్రి బాణసంచా ఉన్న పడవలు అంటుకున్నది కూడా ఈ నీళ్ళలోనే. అప్పట్నుంచి నేను ఇంజిన్ బోటు ఎక్కగానే ఫైర్ సిలిండర్ ఎక్కడుందా అని చూస్తున్నా, మీటర్ ముల్లు పచ్చ గీతలో ఉండాలి, ఎర్రలో ఉంటే అది ఉన్నా లేనట్టే.

దుర్గం చెరువు గంటా రెండు గంటలకి ఓకే, కేబుల్ బ్రిడ్జి కింద ఫొటోలు బాగా వస్తాయి, అంతకంటే చెప్పడానికేం లేదు.

వికారాబాద్ వైపు కోట్‌పల్లి రిజర్వాయర్ కయాకింగ్‌కి, అంటే తెడ్డుతో మనమే నడుపుకునే చిన్న పడవకి, కుర్రాళ్ళకి నచ్చుతుంది. ఇలాంటి చోట ఇచ్చేవి సాధారణంగా చేతులాడించడానికి వీలుగా ఉండే పల్చటి జాకెట్లు, 50 న్యూటన్లవి (న్యూటన్ అంటే జాకెట్ తేల్చే బలానికి కొలత), అవి ఈత వచ్చినవాళ్ళకి సాయం చేసేవే గానీ ఈత రానివాళ్ళని మొహం పైకి తిప్పి తేల్చేవి కావు, దానికి కనీసం 100 న్యూటన్లు కావాలి, లేబుల్ మీద రాసుంటుంది. కయాక్ తిరగబడితే ఒడ్డుకి ఈదకుండా కయాక్‌నే పట్టుకుని ఉండాలి, అది తేలుతుంది, దూరం నుంచి కనబడుతుంది కూడా.

ఊరి బయట ఒక రిసార్ట్ చెరువు ఉంది, పేరు వద్దు. రూములు నీట్‌గా ఉన్నాయి, టిఫిన్ బాగుంది, స్టాఫ్ మర్యాదగానే ఉన్నారు. బోటు దగ్గరికెళ్తే మా చిన్నోడికి పెద్దవాళ్ళ జాకెట్ ఇచ్చారు. "అన్నా, చిన్న సైజు లేదా?" అంటే "గదే కట్టుండ్రి అక్కా, ఏం గాదు, నీళ్ళు నడుం దాకనే" అన్నాడు. నేను బకిళ్ళన్నీ పెట్టి, చిన్నోడి రెండు భుజాల దగ్గర జాకెట్‌ని పట్టుకుని పైకి లాగితే అది గడ్డం దాటి చెవుల మీదకొచ్చేసింది, నీళ్ళలో పడితే జరిగేది కూడా అదే, జాకెట్ పైకి, పిల్లాడు కిందకి. లోపలి ఫోమ్‌ని వేళ్ళతో నొక్కితే తిరిగి ఉబ్బలేదు, ఎండకి బట్ట చీకిపోయి ఒక కుట్టు ఊడి ఉంది. ఎక్కలేదు. మా ఆయన డబ్బులు కట్టాం కదా అన్నారు, పోతే పోనీ అన్నాను. అక్కడ స్టేకి వెళ్ళొచ్చు, బోటుకి మాత్రం వద్దు.

అన్నిట్లో నాకు నచ్చింది నాగార్జున సాగర్. నూట యాభై కిలోమీటర్లుంటుంది, పొద్దున్నే బయల్దేరితే హాయిగా చేరతారు, ఉండటానికి విజయ్ విహార్ హోటల్ ఉంది, అక్కణ్ణుంచి నీళ్ళు కనిపిస్తాయి, వీలైతే ఆ వైపు రూమే అడగండి. రిజర్వాయర్ మధ్య ద్వీపం మీదున్న నాగార్జునకొండ మ్యూజియం శుక్రవారం మూసేస్తారు, గుర్తుపెట్టుకోండి. అక్కడికి లాంచీలో చాలాసేపు వెళ్ళాలి, అదే అసలు సమస్య, కాసేపటికి ఉక్కపోస్తోందని ఒక్కొక్కరూ జాకెట్ విప్పేసి సీటు మీద పెట్టేస్తారు, సెల్ఫీలకి అందరూ ఒకే పక్కకి చేరతారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగితే అందులో మన హైదరాబాద్ వాళ్ళు, వరంగల్ వాళ్ళు ఎంతమంది ఉన్నారో తెలుసు కదా, ఆ రోజు గోదావరి వరద మీదుంది. వరదలో అసలు బయల్దేరకూడదు, అది వేరే మాట, కానీ బోటు ఒరిగాక జాకెట్ వెతుక్కుని బకిల్ పెట్టుకునే టైం ఎవరికీ ఉండదు. అందుకే ఎంత ఉక్కపోసినా దిగేదాకా మావాళ్ళెవర్నీ విప్పనివ్వను, మా అత్తగారు కూడా ఇప్పుడు అలవాటు పడిపోయారు.

మేం ఇంటి నుంచి పట్టుకెళ్ళేవి తక్కువే, ప్రతి ఒక్కరి జాకెట్‌కీ కట్టే ఒక విజిల్, ఫోన్లకి వాటర్‌ప్రూఫ్ కవర్, పిల్లలకి సొంత జాకెట్లు. విజిల్ ఎందుకంటే నీళ్ళలో గట్టిగా అరిస్తే కాసేపటికే గొంతు పోతుంది, 112కి చేద్దామంటే అన్నిచోట్లా సిగ్నల్ ఉండదు. జాకెట్ కొనేటప్పుడు వయసు కాదు, లేబుల్ మీద ఎన్ని కేజీల వరకో చూడండి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోండి. మా పెద్దోడు తన జాకెట్ బరువు దాటేశాడు, ఈ ఎండాకాలం లోపు కొత్తది కొనాలి, ఫోమ్ ఇంకా బాగానే ఉంది కాబట్టి పాతది మా ఆడపడుచు కూతురికి సరిపోతుందేమో చూడాలి.