తరంగంబాడిలో ఒక రాత్రి ఉండాల్సిందే

వలస పాలన నాటి ఊళ్లు చూడాలని తమిళనాడు వైపు వెళ్లేవారు ఎక్కువగా పుదుచ్చేరితోనే ఆగిపోతారు. నన్నడిగితే ఇంకాస్త దక్షిణానికి, కారైకాల్ దారిలో ఉన్న తరంగంబాడికి వెళ్లమంటాను. తెలుగువారికి అక్కడ చూడాల్సింది మరీ ఎక్కువ.

1620లో డెన్మార్క్ వర్తకులకు ఇక్కడ కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చింది తంజావూరును ఏలిన రఘునాథ నాయకుడు. స్వయంగా తెలుగులో కావ్యాలు రాసిన రాజు. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్‌కు ఆయన బంగారు రేకు మీద రాయించి పంపిన తమిళ లేఖ ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో భద్రంగా ఉంది. ఈ సంగతి తెలిసి వెళితే డాన్స్‌బోర్గ్ కోట మనకు పరాయిదిగా అనిపించదు. కమాను కప్పుల కింది గదులు సరుకు దాచిన గిడ్డంగులు. మిరియాల కోసమే కదా వాళ్లు అంత దూరం వచ్చింది! 1845లో ఊరిని ఇంగ్లీషువారికి అమ్మేసి వెళ్లిపోయారు.

ఊరి ముఖద్వారం మీద 1792 అని చెక్కి ఉంటుంది. అది దాటితే రాజవీధి. 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి ముందు తప్పక ఆగండి. ముఖభాగం మీద కిరీటం, దాని కింద డెన్మార్క్ రాజు పేరులోని అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. 1719లో ఈ ఊరికి వచ్చిన జర్మన్ క్రైస్తవ మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసులో తెలుగు నేర్చుకుని, జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు.

చర్చిలను, కోటను చక్కగా నిలబెట్టారు. ఒడ్డున 14వ శతాబ్ది మాసిలామణినాథర్ గుడిని మాత్రం సముద్రం చాలావరకు మింగేసింది. మిగిలినదాన్ని కాపాడాలని బండరాళ్లు పోశారు. నా మనసు ఎక్కువసేపు నిలిచింది అక్కడే.

బసకు సముద్రానికి ఎదురుగా ఉన్న పాత బంగళా హోటల్ బాగుంటుంది. ఖరీదు ఎక్కువే అయినా ఆ వెడల్పాటి వరండా కోసం ఇవ్వవచ్చు. తక్కువలో కావాలంటే రైలు దిగే మయిలాడుదురైలో లాడ్జీలున్నాయి. నేను దిగిన ఒక లాడ్జిలో వేడినీళ్లు ఇస్తామని చెప్పి ఇవ్వలేదు. గది చూశాకే డబ్బు కట్టండి. పైగా అక్కడ దిగితే తెల్లవారుజామున కోట దగ్గరి తీరంలో నడిచే వీలుండదు. ఊళ్లో భోజన హోటళ్లు తక్కువ, పక్కనే ఉన్న పొరయార్‌కు వెళ్లడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పెట్టుకోండి.