10 వాట్ల వాకీటాకీ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

ఆన్‌లైన్‌లో "10 వాట్లు, 16 కిలోమీటర్ల రేంజ్" అని అమ్ముతున్న వాకీటాకీలు కొనే ఆలోచన ఉంటే ఆగండి. నూజివీడు వైపు మా మామిడి తోటలో సెల్ సిగ్నల్ అందదు. కాపలా వాళ్లతో మాట్లాడుకోవడానికి అలాంటి జత తెప్పించాం. అదే కంపెనీ 5 వాట్ల మోడల్ ధరకు ఇది దాదాపు రెట్టింపు. తీరా తోటలో ఈ చివర నుంచి ఆ చివరకు మాట సరిగ్గా అందలేదు.

లైసెన్సు ఉన్న హ్యామ్ (అభిరుచిగా రేడియో నడిపే) మిత్రుడు ఒకరు ఆ సెట్‌ను, యాంటెన్నా బదులు పెట్టే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్‌కు తగిలించి పవర్ మీటర్‌తో కొలిచారు. బ్యాటరీ నిండా ఛార్జ్ ఉన్నప్పుడు వీహెచ్‌ఎఫ్‌లో (136–174 మెగాహెర్ట్జ్ బ్యాండ్) నాలుగున్నర వాట్లు వచ్చాయి. యూహెచ్‌ఎఫ్‌లో (400–480 మెగాహెర్ట్జ్) నాలుగు కూడా రాలేదు. ఛార్జ్ తగ్గేకొద్దీ ఇంకా పడిపోయింది. సెల్లర్‌ను అడిగితే వచ్చిన జవాబు: "10 వాట్లంటే ఇన్‌పుట్ పవర్ అండీ." లిస్టింగ్‌లో ఆ మాట ఎక్కడా లేదు. ఇది పచ్చి మోసం.

మీటర్ లేకపోయినా ఈ లెక్క మీరే వేసుకోవచ్చు. ఇలాంటి సెట్లలో బ్యాటరీ సాధారణంగా 7.4 వోల్టులు. మా సెట్ హై పవర్‌లో బటన్ నొక్కితే లాగే కరెంటు ఒకటిన్నర ఆంపియర్లు. రెండూ గుణిస్తే 11 వాట్లు. అది బ్యాటరీ నుంచి లోపలికి వెళ్లే పవర్. చేతిలో పట్టుకునే సెట్లలో అందులో సుమారు సగమే యాంటెన్నా దాకా చేరుతుంది, మిగతాది వేడి. నిజంగా 10 వాట్లు బయటికి రావాలంటే దాదాపు 20 వాట్లు లాగాలి, అంటే 2.7 ఆంపియర్లు. కాబట్టి కొనేముందు సెల్లర్‌ను అడగాల్సింది ఒకటే: "హై పవర్‌లో ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు ఎన్ని ఆంపియర్లు లాగుతుంది?" చాలా మాన్యువళ్ల వెనక పేజీల్లో ఈ అంకె ఉంటుంది. జవాబు తప్పించుకుంటే ఆ సెట్ వదిలేయండి.

నిజంగానే 10 వాట్లు వచ్చినా మీకు ఒరిగేది తక్కువ. 5 నుంచి 10కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి పెద్దగా తెలియదు. రేంజ్‌ను నిర్ణయించేది ఎత్తు. చదును నేల మీద ఇద్దరూ సెట్లు మనిషి ఎత్తులో పట్టుకుని మాట్లాడితే, అడ్డేమీ లేకపోయినా సుమారు 10 కిలోమీటర్ల దగ్గర భూమి వంపే అడ్డొస్తుంది. చెట్లు, గోడలు అంతకంటే చాలా ముందే ఆపేస్తాయి. మా తోటలోనే పంపు గది డాబా ఎక్కి మాట్లాడితే, కింద అందని చోటికి శుభ్రంగా వినిపించింది.

ఇంకొకటి, డబ్బు కంటే పెద్ద టెన్షన్ ఇదే. మన దేశంలో లైసెన్సు లేకుండా ఇలాంటి సెట్లు వాడుకోవడానికి 2018 నిబంధనలు అనుమతించింది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనే, అదీ తక్కువ పవర్‌తో. యూరప్‌లో ఇదే అవసరానికి వాడే 446 సెట్లకు పరిమితి అర వాటు. అలాంటప్పుడు 136–174, 400–480 మెగాహెర్ట్జ్ అంటూ 10 వాట్ల సెట్ అమ్మేవాడు లైసెన్సు మాటే ఎత్తకపోతే, రేపు సమస్య వచ్చేది మీకు. అనుమతి లేని వాకీటాకీల అమ్మకం మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025లో ఈ-కామర్స్ సైట్లకు నోటీసులు ఇచ్చి, మార్గదర్శకాలు కూడా తెచ్చింది. ఫ్రీక్వెన్సీ, లైసెన్సు కావాలా వద్దా, ఈటీఏ (పరికరానికి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం) సర్టిఫికెట్ వివరాలు చూపని లిస్టింగ్ జోలికి వెళ్లకండి.

ఇప్పటికే కొన్నవాళ్లు లిస్టింగ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఫిర్యాదు వెళ్లాక సెల్లర్లు అంకెలు మార్చేస్తున్నారు. వీలైతే తెలిసిన హ్యామ్ దగ్గర కొలిపించి, మీటర్ రీడింగ్ ఫోటోతో రిటర్న్ అడగండి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.