నాసిక్ వైన్ టూర్: టికెట్ కొనేముందు వైనరీ వెనకాల ద్రాక్ష కాడల కుప్ప చూడండి

నాసిక్ వెళ్ళి వైనరీలు చూసొద్దాం అనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, "హార్వెస్ట్ స్పెషల్" అని పేరు పెట్టిన టూర్‌కి డబ్బులు కట్టేముందు వాళ్ళకి ఫోన్ చేసి రేపు క్రషింగ్ (ద్రాక్షని మిషన్‌లో వేసి చిదపడం) ఉందా, ఎన్నింటికి మొదలవుతుంది, మిషన్ తిరిగేటప్పుడు దగ్గర నిలబడి చూడనిస్తారా అని అడగండి. సరైన జవాబు రాకపోతే కట్టకండి. మేము మనిషికి 1,200 చొప్పున నలుగురికి 4,800 కట్టి టార్పాలిన్ కప్పిన మిషన్ చూసొచ్చాం, ఆ కోపం ఇంకా తగ్గలేదు. అదే ట్రిప్‌లో 300 రూపాయల టికెట్‌తో ఇంకోచోట చూసింది మాత్రం నా పనికే పనికొచ్చింది.

నాకు చర్లపల్లిలో చిన్న వర్క్‌షాప్ ఉంది, మామిడి, టమాటా గుజ్జు తీసే మిషన్లు, పల్పర్లు అంటాం, అవి చేసి అమ్ముతాం. ద్రాక్ష గుత్తి నుంచి కాడ తీసేసి పండుని చిదిపే మిషన్, వాళ్ళు డీస్టెమ్మర్ క్రషర్ అంటారు, అది పని చేస్తుండగా కళ్ళతో చూడాలని నాకు చాలా ఏళ్ళ కోరిక. మావయ్యది ఒకప్పుడు మేడ్చల్ దగ్గర అంగూరు తోట, పందిరి మీద అనాబ్-ఎ-షాహి రకం ద్రాక్ష పెంచారు, బోర్లు ఎండిపోయి చివరికి తీసేశారు. ఆయన కూడా వస్తానన్నారు. మా ఆవిడ, బామ్మర్ది కూడా. ఫిబ్రవరిలో వెళ్ళాం, ఎందుకంటే నాసిక్‌లో వైన్ ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకానే, ఎండలు ముదిరేలోపు అయిపోతుంది. యూరప్‌లో ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోస్తారు కాబట్టి అక్కడి వీడియోలు చూసి ఇక్కడ అదే సీజన్ అనుకుంటే ఖాళీ షెడ్లే కనపడతాయి.

సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళాం, తెల్లవారకముందే నాసిక్ రోడ్‌లో దింపేస్తుంది. రామ్‌కుండ్, త్రయంబకేశ్వర్ దర్శనం అన్నీ బాగా జరిగాయి. మన రాజమండ్రి దగ్గర అంత వెడల్పుగా చూసే గోదావరి ఆ త్రయంబకం కొండల్లో పుట్టిందంటే మా ఆవిడ చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

ఇక లాడ్జి సంగతి. ఊరికి దూరంగా తోటల మధ్యలో రిసార్ట్, వైనరీ కూడా వాళ్ళదే, "వైన్‌యార్డ్ వ్యూ" రూము రాత్రికి 8,500, జీఎస్టీ అదనం, రెండు రూములు. బాల్కనీ తలుపు తీయగానే పుల్లటి వాసన, దాంతోపాటు సన్న దోమల్లాంటి పండు ఈగలు గుంపుగా లోపలికి వచ్చేశాయి. కింద చూస్తే వైనరీ వెనక గోడ, గోడ పక్కన ద్రాక్ష కాడలు, పిండేసిన తొక్కలు ట్రాక్టర్ ట్రాలీ నిండేంత కుప్ప, ఎండలో పులుస్తూ ఉంది. రిసెప్షన్‌లో చెప్తే "సీజన్ కదా సార్, న్యాచురల్ స్మెల్" అన్నాడు. రూము మార్చమంటే ఇంకో 2,000 కట్టి పూల్ సైడ్ తీసుకోమన్నాడు. కుప్ప మీద ఒక సున్నం పొర వేసినా, రోజూ ట్రాలీ ఎత్తి తోటలో ఎరువుకి వేసినా ఈ బాధ ఉండదు, అది చేయకుండా దాని ఎదురుగా ఉన్న రూముకి వ్యూ అని పేరు పెట్టి అమ్మడం ఏం న్యాయం. మా ఆవిడ ఆ రాత్రి తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కి పడుకుంది, పొద్దున దాకా ఎవరితో మాట్లాడలేదు.

కానీ మావయ్య పొద్దున్నే లేచి ఆ కుప్ప దగ్గరికే పోయారు. చేత్తో కాడలు తీసి చూసి నన్ను పిలిచారు. "అల్లుడూ గిటు రా, గీ కాడలకి ఇంకా పండ్లున్నయ్ జూడు, మళ్ళ కొన్ని కాడలేమో ముక్కలు ముక్కలైనయ్, గిదేం మిషన్." నిజంగానే కొన్ని గుత్తులకి పండ్లు అలాగే ఉన్నాయి, మిగతావి వేలు పొడవు ముక్కలుగా తెగిపోయి ఉన్నాయి. కాడ ముక్కలైందంటే సగం ముక్కలు జల్లెడ బొక్కల్లోంచి రసంలోకి కూడా పోయే ఉంటాయి. ఎర్ర వైన్‌కి కావాల్సిన రంగు, వాసన ప్రధానంగా తొక్కలో ఉంటాయి, పచ్చికాడలో ఉండేది వగరు, పచ్చి వాసన. పైగా కాడలు తొట్టిలో ఉంటే రంగుని, కొంత ఆల్కహాల్‌ని పీల్చుకుంటాయి కూడా. అందుకే కాడ తీయడం అనేది అంత పట్టింపుగా చేయాల్సిన పని.

రిసార్ట్ వాళ్ళ "హార్వెస్ట్ స్పెషల్" టూర్ మధ్యాహ్నం 3 గంటలకి పెట్టారు. మధ్యాహ్నం సాధారణంగా ద్రాక్ష క్రష్ చేయరు, కోత తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు జరిగి పండు వెంటనే మిషన్‌లోకి పోవాలి, వేడెక్కిన పండు దారిలోనే పాడవడం మొదలవుతుంది. మాకు చూపించింది ఒక గది, ఎల్‌ఈడీ తెర మీద ఎనిమిది నిమిషాల వీడియో, తర్వాత అద్దం అవతల నీలం టార్పాలిన్. అది తీసి చూపించమని అడిగా, "హైజీన్ రీజన్స్" అన్నారు. గైడ్ కుర్రాడు "గుత్తిని కాడతో సహా నలిపితేనే ఎర్ర రంగు వస్తుంది" అని చెప్పాడు. మావయ్య ఆగలేకపోయారు, "రంగు తోలుల ఉంటది గదా బిడ్డా, కాడల ఏముంటది" అన్నారు తెలుగులోనే, బామ్మర్ది దాన్ని హిందీలో చెప్పాడు, ఆ కుర్రాడు నవ్వి తర్వాత గదికి తీసుకెళ్ళాడు. అక్కడ చెక్క తొట్టిలో తినే పచ్చ ద్రాక్ష పోసి "గ్రేప్ స్టాంపింగ్", కాళ్ళతో తొక్కి ఫోటో దిగితే మనిషికి 500 అదనం. బామ్మర్ది దిగాడు. కాళ్ళతో తొక్కడం తప్పని నేననను, పోర్చుగల్ డౌరో లోయలో మంచి పోర్ట్ వైన్‌కి ఇప్పటికీ కొన్నిచోట్ల గ్రానైట్ తొట్లలో తొక్కుతారు, పాదం మెత్తన కాబట్టి తొక్క పగులుతుంది గానీ గింజ పగలదు. ఆ ముక్క చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు అక్కడ. కాడలతోనే పోశారు తొట్టిలో.

మర్నాడు మా క్యాబ్ డ్రైవర్ (రోజంతా తిప్పితే 3,200, టోల్ మనదే, మంచి మనిషి) మా ముఖాలు చూసి దిండోరి వైపు ఒక చిన్న వైనరీ ఉంది, తనే ఫోన్ చేసి అడుగుతానన్నాడు. వాళ్ళు "పొద్దున 6కి రమ్మను, షిరాజ్ దించుతున్నాం" అన్నారు, షిరాజ్ అంటే ఎర్ర వైన్ చేసే నల్ల ద్రాక్ష రకం. టికెట్ 300, చివర్లో మూడు రకాల రుచి దానిలోనే. మా ఆవిడ రానని రూములో ఉండబోయి ఈగలు గుర్తొచ్చి వచ్చింది.

వెళ్ళేసరికి చలి, షెడ్ ముందు ట్రాక్టర్ ఆగి ఉంది, ప్లాస్టిక్ క్రేట్లు దించుతున్నారు, క్రేటుకి 20 కేజీల లోపే నింపుతారట, ఎక్కువ నింపితే కింద పండు నలిగిపోతుంది. తూకం, తర్వాత బెల్టు మీద ఆడవాళ్ళు ఆకులు, కుళ్ళినవి ఏరేస్తున్నారు. సెల్లార్, అంటే వైన్ తయారయ్యే చోటు, చూసుకునే ఆయన మమ్మల్ని చూసి నేనేం పని చేస్తానో అడిగాడు, పల్పర్లు చేస్తానని చెప్పగానే మనిషే మారిపోయాడు. క్రషింగ్ అయ్యేదాకా ఆగండి, విప్పి చూపిస్తా అన్నాడు.

పైన హాపర్, అంటే గుత్తులు పోసే తొట్టి, దాని అడుగున స్క్రూ, అది గుత్తుల్ని నెమ్మదిగా డ్రమ్ములోకి తోస్తుంది. డ్రమ్ము అంటే స్టెయిన్‌లెస్ స్టీల్ పీపా, ఒళ్ళంతా గుండ్రటి బొక్కలు. లోపల ఒక షాఫ్టు, దాని చుట్టూ మెలిక తిరుగుతూ పెట్టిన తెడ్లు, చివర్లకి రబ్బరు. డ్రమ్ము తిరుగుతుంది, షాఫ్టు వేరే స్పీడులో తిరుగుతుంది, తెడ్డు తగిలి పండు ఊడి బొక్కలోంచి కింద పడుతుంది, కాడ పట్టదు కాబట్టి డ్రమ్ము చివరి దాకా పోయి బయట పడుతుంది. మావయ్య చూసి "మన వడ్ల మిషన్ లెక్కనే ఉంది, గింజ కిందికి గడ్డి బయటికి" అన్నారు, నిజంగా నూర్పిడి మిషన్ సూత్రమే, కాకపోతే ఇక్కడ గింజకి దెబ్బ తగలకూడదు. కింద పడిన పండు రెండు రబ్బరు రోలర్ల మధ్య నుంచి పోతుంది, రోలర్ల సందు చేతి చక్రంతో పెంచొచ్చు, తగ్గించొచ్చు. తొక్క చిట్లాలి, లోపలి గింజ పగలకూడదు, పగిలితే చేదు వైన్‌లోకి దిగిపోతుంది. ఆ రోజు లాట్‌కి సందు బాగా వెడల్పు పెట్టాడు, సగం పండ్లు పూర్తిగా ఉండాలట.

బయట పడుతున్న కాడల్ని మావయ్య చేతిలోకి తీసుకున్నారు. ఒక్క పండు లేదు, ఒక్క కాడ విరగలేదు, గుత్తి ఆకారం అలాగే ఉంది. "గిట్ల రావాలె" అన్నారు, ఆ సెల్లార్ ఆయనకి భాష రాకపోయినా అర్థమైంది, ఆయన కూడా క్రష్ నడిచినంతసేపు చూసేది అదే చోటట, ట్యాంకు వైపు కాదు. కాడలు తెగుతుంటే తిరిగే స్పీడు (ఆర్‌పీఎం) తగ్గిస్తాడు, పండ్లు మిగిలిపోతుంటే హాపర్‌లో వేసేది తగ్గిస్తాడు, అప్పటికీ కాకపోతే ఆ రకానికి తగ్గ బొక్కలున్న డ్రమ్ము మారుస్తాడు. ప్యానెల్ మీద స్పీడు మార్చే డ్రైవ్ ఉంది, ఆయన నాకోసం స్పీడు కాసేపు పెంచి చూపించాడు, వెంటనే కాడ ముక్కలు రావడం మొదలైంది, మళ్ళీ తగ్గించాడు. ముందు రోజు రిసార్ట్ వెనక కుప్పలో చూసిందే అది.

తర్వాత పంపు. వేగంగా తిరిగే చక్రం ఉన్న సెంట్రిఫ్యూగల్ పంపు వాడరు, అది తొక్కల్ని, గింజల్ని చితక్కొడుతుంది, వీళ్ళది మోనో పంపు, స్క్రూలా తిరుగుతూ నెమ్మదిగా తోస్తుంది. పంపు ముందు కొలిచి కేఎంఎస్ కలుపుతున్నారు, మామిడి గుజ్జుకి మేము వాడే పొటాషియం మెటాబైసల్ఫైటే, రసం నల్లబడకుండా, పండుతో పాటు వచ్చే అడవి ఈస్టు పెరగకుండా. ఎర్ర వైన్ కాబట్టి తొక్కలు, గింజలు, రసం అన్నీ కలిపి ట్యాంకులోకి పోతాయి, పులుస్తున్నంత కాలం తొక్కలు అందులోనే. తెల్ల వైన్ అయితే తొక్క ఎక్కువసేపు ఉంచరు, త్వరగా రసం పిండే ప్రెస్‌కి పంపిస్తారు, కొంతమందైతే కాడతో పూర్తి గుత్తినే ప్రెస్‌లో వేస్తారు. ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో పీనో న్వార్ అనే నల్ల ద్రాక్షకి కావాలనే కొన్ని కాడలు ఉంచేవాళ్ళు ఉన్నారు, కానీ కాడ బాగా ముదిరి గోధుమ రంగుకి వస్తేనే, అది వేరే లెక్క.

క్రషింగ్ అయ్యాక చెప్పినట్టే చేశాడు. ముందు మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు, స్క్రూ ఉన్న మిషన్‌లో చెయ్యి పెట్టేముందు ఇది చేయనివాడి దగ్గర నిలబడొద్దని మా వర్క్‌షాప్ కుర్రాళ్ళకి నేను రోజూ చెప్తా. తర్వాత మూత తీసి షాఫ్టు బయటికి లాగాడు. లోపల వెల్డింగులు ఎంత నున్నగా గ్రైండ్ చేసి ఉన్నాయో, పంచదార ఇరుక్కునే సందు ఒక్కటి లేదు. ఇటలీ మిషన్, గంటకి 5 టన్నులు. లాట్ అవ్వగానే కడగాలి, ఆరనిస్తే చక్కెర పట్టేసి ఈగలు, పులుపు బ్యాక్టీరియా చేరతాయి. ఫ్రాన్స్‌లో బుషే వాస్లాన్ అనే కంపెనీ వాళ్ళు తెడ్లతో కొట్టకుండా గుత్తిని పంజరంలో అటూ ఇటూ ఊపి పండు రాల్చే మిషన్ చేశారు, ఆసిలిస్ అని, దాని గురించి కూడా చాలాసేపు మాట్లాడాడు, దాన్ని కొనే స్తోమత లేదుగానీ ఉన్నదాన్నే స్పీడు చూసుకుని నడుపుతానన్నాడు. నా టమాటా పల్పర్ తెడ్లకి ఇలా రబ్బరు చివర్లు పెట్టి గ్యాప్ మార్చుకునేలా చేయాలని అక్కడే నిర్ణయించుకున్నా.

9 గంటలకి పనివాళ్ళతో పాటు మాకూ టిఫిన్ పెట్టారు, జొన్న భాక్రీ (రొట్టె), పిఠ్లా (శనగపిండి కూర), పచ్చిమిర్చి ఠేచా (పచ్చడి), పచ్చి ఉల్లిగడ్డ. డబ్బులు తీసుకోలేదు. నాసిక్‌లో ప్లేటు 120 పెట్టి తిన్న మిసళ్ కూడా బాగుంది గానీ ఈ భాక్రీ ముందు అది లేదు, మావయ్య మూడు తిన్నారు, మా ఆవిడ ఆ వంట చేసినావిడ పక్కన కూర్చుని ఠేచా ఎలా చేస్తారో అడిగి రాసుకుంది, ఆ ట్రిప్‌లో తను నవ్వింది అక్కడే. వైన్ రుచి చూసింది నేనూ బామ్మర్ది మాత్రమే. షిరాజ్‌లో మిరియాల ఘాటు ఉంది, నాలుక మీద వగరు లేదు. పొద్దున ఆ కాడలు చూశాక ఎందుకు లేదో ఎవరూ చెప్పక్కర్లేదు.

వెళ్ళేవాళ్ళకి, గంగాపూర్ డ్యామ్ వైపు సులా, యార్క్ లాంటి తెలిసిన పేర్లున్నాయి, నీళ్ళు చూస్తూ కూర్చోవడానికి చాలా బాగుంటుంది, కానీ శని, ఆదివారాలు ముంబై, పుణె జనంతో నిండిపోతాయి, మంగళవారమో బుధవారమో చూసుకోండి. మహారాష్ట్రలో వైన్‌కి 21 ఏళ్ళు నిండాలి, కుర్రాళ్ళతో వెళ్తే ఐడీ పెట్టుకోండి. క్రషింగ్ చూడాలంటే తెల్లవారుజామున స్వెటర్ కావాలి, షెడ్‌లో నేలంతా తడి కాబట్టి జారని బూట్లు వేసుకోండి, చీర కంటే డ్రెస్సు నయం అని మా ఆవిడ చెప్పమంది. రూము మాత్రం తోటల్లో తీసుకోకండి, తీసుకుంటే రూము వెనక ఏముందో ఫోటో పంపమని అడగండి. మేము రిసార్ట్‌లో మిగిలిన రాత్రి వదిలేసి (రీఫండ్ ఇవ్వలేదు, రూముకి 8,500 చొప్పున పోయింది) కాలేజ్ రోడ్‌లో 2,200 రూములోకి మారాం, ఏసీ, వేడినీళ్ళు, కిటికీ తీస్తే రోడ్డు, ఒక్క ఈగ లేదు.