మన అక్షాంశంలో ఈక్యూ6-ఆర్ ప్రో మౌంట్: కొన్నేళ్ళు వాడాక

టెలిస్కోప్‌ను మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే స్కై-వాచర్ ఈక్యూ6-ఆర్ ప్రో మౌంట్ మీద రివ్యూలకు కొదవ లేదు. కానీ వాటిలో ఎక్కువ భాగం 40, 50 డిగ్రీల అక్షాంశంలో ఉండేవాళ్ళు రాసినవి. వాళ్ళకు ధ్రువ నక్షత్రం ఆకాశంలో దాదాపు సగం ఎత్తున కనిపిస్తుంది. నేను ఈ మౌంట్ వాడేది మహబూబ్‌నగర్ దగ్గర మామయ్యవాళ్ళ పొలంలో, సుమారు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. ఇక్కడ ధ్రువ నక్షత్రం గట్టు మీది చెట్ల కొమ్మలకు కాస్త పైన, దాదాపు హైదరాబాద్ వెలుగు లేచే దిక్కున ఉంటుంది. చిత్తూరు నుంచి ఆదిలాబాద్ దాకా మన ఊళ్ళన్నీ సుమారు 13, 20 డిగ్రీల మధ్యే ఉన్నాయి. ఇంత తక్కువ అక్షాంశంలో అదే మౌంట్ నిలబడే తీరు వేరు, బ్యాలెన్స్ చేసే పద్ధతిలోనూ కొన్ని తేడాలుంటాయి. అందుకే ఈ రివ్యూ మన దగ్గర వాడేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు వివరాలు. మౌంట్ తల 17.3 కిలోలు, ట్రైపాడ్ 7.5 కిలోలు, టెలిస్కోప్‌కు ఎదురు తూకంగా దానితో వచ్చే కౌంటర్‌వెయిట్లు (దిమ్మలు) 5 కిలోలవి రెండు. కంపెనీ చెప్పే మోత సామర్థ్యం 20 కిలోలు. మోటార్ నుంచి వార్మ్ గేర్‌కు (పళ్ళచక్రాన్ని తిప్పే మర లాంటి ఇరుసుకు) బెల్ట్ ద్వారా తిప్పుడు అందుతుంది, కాబట్టి రాత్రిపూట పక్కనే కూర్చున్నా శబ్దం దాదాపు వినిపించదు. అక్షాంశం 5 నుంచి 65 డిగ్రీల వరకు సర్దుకోవచ్చు. మనవాళ్ళు ఏ మౌంట్ కొన్నా ముందు చూడాల్సింది ఆ కనిష్ఠ అంకెనే. నేను దీని మీద 80 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోప్), 8 అంగుళాల ఎఫ్/5 న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోప్) రెండూ వాడాను. రిఫ్రాక్టర్ పెడితే బరువు పెట్టామన్న సంగతే మౌంట్‌కు తెలియదు. న్యూటోనియన్‌తో గాలి లేని రాత్రి బాగుంటుంది, గాలి ఉంటే లేదు. 20 కిలోలు మోస్తుందన్న మాట కంటితో చూసుకోవడానికి సరిపోతుందేమో గానీ ఫోటోలకు మాత్రం 12, 13 కిలోలు దాటించవద్దని నా సలహా.

నిలబెట్టడం దగ్గరే మన అక్షాంశం ప్రభావం మొదలవుతుంది. ఉత్తర ధ్రువం కేసి చూడాల్సిన మౌంట్ అక్షం, అంటే ధ్రువ అక్షం, 17 డిగ్రీలే లేచి ఉండటంతో మౌంట్ తల దాదాపు అడ్డంగా పడుకుని, బరువంతా ఉత్తరం వైపు ముందుకు వస్తుంది. కాబట్టి ట్రైపాడ్ కాలు ఒకటి కచ్చితంగా ఉత్తరానికి ఉండాలి, లేకపోతే టెలిస్కోప్ ఎక్కించేటప్పుడు మొత్తం ముందుకు తూలే ప్రమాదం ఉంది. అయితే కిందికి దిగే కౌంటర్‌వెయిట్ కడ్డీ కూడా నిట్టనిలువుగా కాకుండా అదే ఉత్తరం వైపు 17 డిగ్రీలు వాలి ఉంటుంది. దాంతో దిమ్మలు కిందికి వచ్చినప్పుడు ఆ ఉత్తరపు కాలికే తగులుతాయి. దీనికి మందు పియర్ ఎక్స్‌టెన్షన్, అంటే ట్రైపాడ్‌కూ మౌంట్‌కూ మధ్య బిగించే లోహపు గొట్టం. ఎక్కడో 50 డిగ్రీల దగ్గర ఉన్నవాళ్ళకు అది అదనపు సౌకర్యం, మనకు తప్పనిసరి. నడినెత్తిన ఉన్న లక్ష్యాలకూ అది కావాలి. మామయ్య పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు మనకు నడినెత్తికి 7 డిగ్రీల దూరంలోనే దాటుతాయి. ఆ సమయంలో రిఫ్రాక్టర్ వెనక ఉన్న కెమెరా సరిగ్గా ట్రైపాడ్ కాళ్ళ పక్కకే దిగుతుంది. గొట్టం ఉన్నా సరే, కొత్త పరికరం ఏది బిగించినా పగలే ఒకసారి చేత్తో తిప్పి ఎక్కడ తగులుతుందో చూసుకుని, సాఫ్ట్‌వేర్‌లో ఆగాల్సిన హద్దులు పెట్టుకోండి.

నేల సంగతి కూడా చెప్పాలి. ఎర్రనేల ఎండాకాలంలో గట్టిగానే ఉంటుంది. నల్లరేగడిలో, అందులోనూ తడి ఆరని నవంబర్‌లో, కాళ్ళు నెమ్మదిగా దిగిపోతాయి. అర్ధరాత్రికి పోలార్ అలైన్‌మెంట్ (ధ్రువ అక్షాన్ని ఖగోళ ధ్రువానికి గురిపెట్టడం) చెడిపోతుంది, కారణం మాత్రం తోచదు. మూడు కాళ్ళ కింద మూడు తాండూరు బండ ముక్కలు వేస్తే ఆ టెన్షన్ పోతుంది. ట్రైపాడ్ మట్టంగా ఉండాలా అని చాలామంది అడుగుతారు. ట్రాకింగ్‌కు అవసరం లేదు. మట్టంగా ఉంటే ఎత్తు మర తిప్పినప్పుడు పక్కకూ, పక్క మర తిప్పినప్పుడు ఎత్తుకూ జరగకుండా ఉంటుంది, అంతే.

పోలార్ అలైన్‌మెంట్‌కు మౌంట్‌లోనే వెలుగుండే పోలార్ స్కోప్ ఉంది. మనకు అక్షం దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి మెడ వెనక్కి విరవకుండానే చూడొచ్చు. చిక్కల్లా ధ్రువ నక్షత్రం కనబడటంలోనే. 17 డిగ్రీల ఎత్తులో దుమ్ము, పొగమంచు, ఊరి వెలుగు అన్నీ దాని మీదే ఉంటాయి. పైగా ఆ ఎత్తులో వాతావరణ వక్రీభవనం సుమారు 3 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్ నిమిషం, అందులో 60వ వంతు ఆర్క్ సెకను). అంటే కంటికి కనిపించే ధ్రువం అసలు ధ్రువానికి అంత పైన ఉంటుంది. ఉత్తర యూరప్‌లో ఇది ఒక్క ఆర్క్ నిమిషం కూడా ఉండదు కాబట్టి వాళ్ళు పెద్దగా పట్టించుకోరు. 3 ఆర్క్ నిమిషాల తప్పు ఉంటే నక్షత్రాలు గంటకు 47 ఆర్క్ సెకన్ల వరకు జరుగుతాయి. గైడింగ్, అంటే ఒక నక్షత్రాన్ని చిన్న కెమెరాతో గమనిస్తూ మౌంట్‌ను సవరించే ఏర్పాటు, దాన్ని సరిదిద్దగలదు, కానీ దానికి ఉచితంగా ఆ పని పెట్టడం దేనికి? నేను ఇప్పుడు నీనా సాఫ్ట్‌వేర్‌లోని త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ మీదే ఆధారపడుతున్నాను. ఆకాశంలో ఏదో ఒక చోట మూడు ఫోటోలు తీసి, వాటిలోని నక్షత్రాల స్థానాలను బట్టి మౌంట్ అక్షం ఎటు చూస్తోందో అది లెక్కగడుతుంది. ధ్రువ నక్షత్రం కనబడాల్సిన పని లేదు. ఉత్తరాన ఇల్లో, చెట్టో, ఊరి వెలుగో ఉన్నవాళ్ళకు ఇది నిజంగా వరం.

ఒక జాగ్రత్త. తల ఇంత అడ్డంగా ఉన్నప్పుడు బరువంతా ఎత్తు మర మీద పడుతుంది. టెలిస్కోప్ ఎక్కించాక దాన్ని పైకి తిప్పాలంటే చాలా బలం కావాలి. అందుకని ఏమీ ఎక్కించకముందే స్కేలు చూసి 17 దగ్గర పెట్టుకుని, తర్వాత కొద్దిపాటి సవరణే మిగిలేలా చూసుకోవాలి. చివరి సవరణ కిందికి దించుతూ కాకుండా పైకి లేపుతూ ముగిస్తే మర మీద బరువు నిలకడగా కూర్చుంటుంది. అన్నీ బిగించాక మరోసారి కొలవండి, బిగించేటప్పుడు కూడా అక్షం కాస్త పక్కకు జరుగుతుంది.

ఇక బ్యాలెన్స్. ఫోటో బాగా రావడానికి మౌంట్ ధర కంటే ఇదే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. ఎక్కించే క్రమం మొదట దిమ్మలు, తర్వాత టెలిస్కోప్. దించేటప్పుడు మొదట టెలిస్కోప్, చివర దిమ్మలు. ఇది తారుమారైతే అక్షాన్ని పట్టి ఉంచే క్లచ్ వదిలిన క్షణంలో టెలిస్కోప్ బరువుతో గిర్రున తిరిగి ట్రైపాడ్‌కు కొట్టుకుంటుంది. కడ్డీ చివర భద్రత కోసం ఇచ్చిన మరను ఎప్పుడూ తీయకండి. బ్యాలెన్స్ మొదలుపెట్టే ముందే కెమెరా, గైడ్ స్కోప్, మంచు పట్టకుండా కట్టే హీటర్, వైర్లు అన్నీ బిగించి, మూత తీసి, ఫోకస్ దాదాపు సరిచేసి ఉంచాలి. మూతతో బ్యాలెన్స్ చేసి తర్వాత తీస్తే చేసిన పనంతా వృథా.

మౌంట్‌కు రెండు అక్షాలు: ఆకాశంతో పాటు తిరిగే ధ్రువ అక్షం ఆర్‌ఏ, దానికి అడ్డంగా ఉండేది డెక్. నేను ముందు డెక్ చేస్తాను. కౌంటర్‌వెయిట్ కడ్డీని నేలకు సమాంతరంగా పెట్టి ఆర్‌ఏ క్లచ్ బిగించి, డెక్ క్లచ్ వదిలి ట్యూబ్‌ను అడ్డంగా పెట్టి ఎటు వాలుతోందో చూస్తాను. టెలిస్కోప్ కింద ఉండే డవ్‌టెయిల్ పట్టీని ముందుకో వెనక్కో జరిపి నిలిచేలా చేస్తాను. తర్వాత డెక్ బిగించి, ఆర్‌ఏ వదిలి, దిమ్మలను జరుపుతాను. ఈ రకం మౌంట్లలో క్లచ్ వదిలాక కూడా అక్షంలో కొంత బిగువు ఉంటుంది, చిన్న తేడా తనంతట తాను కనబడదు. వేలితో పైకి కొద్దిగా, కిందికి కొద్దిగా నెట్టి చూడాలి. రెండు వైపులా ఒకే బలంతో కదిలితే అయినట్టే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రిఫ్రాక్టర్‌కు ఇది సరిపోవచ్చు. న్యూటోనియన్‌కు మాత్రం చాలదు, ఎందుకంటే దాని ఫోకసర్, కెమెరా ట్యూబ్ పక్కకు పొడుచుకుని ఉంటాయి. డెక్ క్లచ్ వదిలి ట్యూబ్‌ను ఆకాశంకేసి నిలువుగా పెట్టండి. అడ్డంగా ఉన్నప్పుడు కదలకుండా నిలిచిన ట్యూబ్ ఇప్పుడు ఒక పక్కకు ఒరిగిపోతే, బరువు అక్షానికి పక్కగా ఉందని అర్థం. డవ్‌టెయిల్ ఎంత జరిపినా అది పోదు. రింగులు వదులు చేసి, కెమెరా కౌంటర్‌వెయిట్ కడ్డీకి ఒకే గీతలో వచ్చేలా ట్యూబ్‌ను తిప్పాలి, లేదా ఎదురు పక్కన గైడ్ స్కోప్ పెట్టి సరిచేయాలి. నా న్యూటోనియన్‌లో నక్షత్రాలు కొన్ని దిక్కుల్లో మాత్రమే సాగి కనబడే సమస్య ఈ ఒక్క మార్పుతో తీరింది.

దిమ్మల విషయంలో ఒక సూత్రం ఉంది. తక్కువ బరువును కడ్డీ చివర పెట్టేకంటే ఎక్కువ బరువును అక్షానికి దగ్గరగా పెట్టడం మేలు. జడత్వ భ్రామకం దూరం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, చివరన వేలాడే దిమ్మ గాలికి ఊగితే ఆ ఊపు చల్లారడానికి ఎక్కువ సేపు పడుతుంది. న్యూటోనియన్‌కు మూడో దిమ్మ కావాల్సి వచ్చింది. దిగుమతి చేసుకోకుండా లేత్ మిషన్ షాపులో ఇనుప దిమ్మకు 18 మిల్లీమీటర్ల కడ్డీ సులువుగా దూరేలా రంధ్రం వేయించుకున్నాను. బిగించే మర కొన ఇత్తడిది పెట్టించండి, ఇనుముదైతే కడ్డీ మీద గీతలు పడతాయి.

అన్నీ సమంగా తూగాక ఆర్‌ఏలో కొద్దిగా బరువు తూర్పు వైపు మిగల్చాలి. వార్మ్‌కూ దాని చక్రానికీ మధ్య ఎంతో కొంత సందు ఉంటుంది. పూర్తి సమతూకంలో ఉంటే పళ్ళు ఆ సందులో అటూ ఇటూ కొట్టుకుంటాయి. తూర్పున కాస్త బరువుంటే పళ్ళు ఎప్పుడూ ఒక వైపే ఆనుకుని ఉంటాయి. మామయ్యకు ఇది నేను వివరించనక్కరలేకపోయింది. "ఎడ్లబండికి కూడా గంతే గదరా, బరువు జరంత ముందుకుంటేనే కాడి మెడల మీద కూసుంటది, ఎనక్కి పోతే పైకి లేస్తది" అన్నాడు. టెలిస్కోప్ తూర్పు ఆకాశాన్ని చూస్తున్నప్పుడు దిమ్మలు తూర్పున ఉంటాయి కాబట్టి వాటిని కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరపాలి. మెరిడియన్ (నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీత) దాటి మౌంట్ అటు నుంచి ఇటు తిరిగాక తూర్పున ఉండేది టెలిస్కోప్, అప్పుడు దిమ్మలను లోపలికి జరపాలి. రాత్రంతా దాన్ని వదిలేసి నిద్రపోయేవాళ్ళకు ఇది కుదరదు. వాళ్ళు ముఖ్యమైన లక్ష్యం ఏ వైపు ఎక్కువ సేపు ఉంటుందో దానికి తగ్గట్టు పెట్టుకుంటే చాలు. బెల్ట్ ఉన్న మౌంట్‌కు ఇది అక్కర్లేదన్న వాదన ఉంది. బెల్ట్ మోటార్ వైపు సందునే తీసేస్తుంది, వార్మ్ దగ్గరి సందు అలాగే ఉంటుంది. గాలి ఉన్న రాత్రుల్లో తేడా గైడింగ్ గ్రాఫ్‌లో స్పష్టంగా కనబడుతుంది.

గైడింగ్‌కు పీహెచ్‌డీ2 సాఫ్ట్‌వేర్ వాడతాను. ఆర్‌ఏ చక్రానికి 180 పళ్ళు, కాబట్టి వార్మ్ ఒక చుట్టు తిరగడానికి సుమారు 479 సెకన్లు, అంటే 8 నిమిషాలు. గ్రాఫ్‌లో ఆర్‌ఏ గీత సరిగ్గా 8 నిమిషాలకోసారి అదే ఆకారంలో పైకీ కిందికీ వెళుతుంటే అది వార్మ్ సహజ గుణం, బ్యాలెన్స్ తప్పు కాదు. నెమ్మదిగా సాగే మార్పు కాబట్టి గైడింగ్ సులువుగా పట్టుకుంటుంది. కాలిబ్రేషన్‌ను, అంటే గైడింగ్ మొదలయ్యే ముందు మౌంట్ కదలికను సాఫ్ట్‌వేర్ కొలుచుకునే పనిని, ఖగోళ మధ్యరేఖ, మెరిడియన్ కలిసే చోట చేయమంటారు. మనకు ఆ చోటు 73 డిగ్రీల ఎత్తున, గాలి పొర పలచగా ఉన్న దగ్గర ఉంటుంది. తక్కువ అక్షాంశం మనకు ఇచ్చే లాభం ఇది. మంచి రాత్రి రిఫ్రాక్టర్‌తో మొత్తం తప్పు 0.7 ఆర్క్ సెకన్ల దగ్గర ఉంటుంది. 480 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కు 3.76 మైక్రాన్ల పిక్సెల్ 1.6 ఆర్క్ సెకన్లు చూస్తుంది కాబట్టి 5 నిమిషాల ఎక్స్‌పోజర్‌లో కూడా నక్షత్రాలు గుండ్రంగా వస్తాయి. 1000 మిల్లీమీటర్ల న్యూటోనియన్‌కు అదే పిక్సెల్ 0.78 ఆర్క్ సెకన్లు. అక్కడ చిన్న తేడా కూడా ఫోటోలో దొరికిపోతుంది. ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం లాంటి దక్షిణపు అందాలు మనకు 26 డిగ్రీల ఎత్తుకు వస్తాయి. యూరప్‌లో చాలామందికి అది కనిపించనే కనిపించదు. కానీ ఆ ఎత్తులో గైడింగ్ అంకెలు పెరుగుతాయి, దానికి మౌంట్‌ను తప్పుపట్టకండి.

కరెంటు గురించి క్లుప్తంగా. దీనికి 11 నుంచి 16 వోల్టుల డీసీ, 4 ఆంపియర్లు కావాలి. ఒక దుకాణంలో కొన్న అడాప్టర్ మీద 5 ఆంపియర్లని రాసి ఉన్నా రెండు అక్షాలు ఒకేసారి తిరిగినప్పుడు వోల్టేజ్ పడిపోయేది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి మారాక ఆ ఇబ్బంది లేదు. వైర్లను ట్యూబ్ నుంచి నేరుగా కిందికి వేలాడదీయకుండా, అక్షాలు కలిసే చోటుకు దగ్గరగా తెచ్చి అక్కడి నుంచి దింపండి.

ఇప్పుడు స్ట్రెయిన్ వేవ్ గేర్ మౌంట్లు (వార్మ్ బదులు వంగే పళ్ళచక్రంతో తిరిగేవి) బాగా వచ్చాయి. 5 కిలోల బరువుతో, కౌంటర్‌వెయిట్ లేకుండానే 13 కిలోలు మోసేవి ఉన్నాయి. బ్యాలెన్స్ చేసే పనే దాదాపు ఉండదు. బస్సులోనో బైక్ మీదో తీసుకెళ్ళేవాళ్ళు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు వాటినే చూడాలి. వాటిలో వార్మ్ గేర్ కంటే తప్పు వేగంగా మారుతుంది కాబట్టి గైడింగ్ లేకుండా నడవదు. కారు ఉండి, ఒకే చోట పెట్టేవాళ్ళకు, రేపు స్థిరమైన స్తంభం కట్టించుకోవాలనుకునేవాళ్ళకు మాత్రం నా ఓటు ఇప్పటికీ ఈక్యూ6-ఆర్‌కే.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే రెండు క్లచ్‌లూ బిగించి, కౌంటర్‌వెయిట్ కడ్డీ కొన పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఊపి చూడండి. టక్కుమని తగిలే వదులు వార్మ్ సర్దుబాటుతో పోతుంది, దాన్ని చూపి బేరం ఆడొచ్చు. అక్షాన్ని మోటార్‌తో పూర్తి చుట్టు తిప్పించి, ఎక్కడైనా బిగుసుకుంటోందేమో వినండి. రెండు దిమ్మలూ ఉన్నాయా, ఎత్తు మరల కొనలు వంగాయా, పోలార్ స్కోప్ అద్దంలో ఫంగస్ ఉందా చూడండి. మన వానాకాలంలో సరిగ్గా దాచని వాటికి అది పడుతుంది. నాది జూన్ నుంచి అక్టోబర్ దాకా సిలికా జెల్ సంచులతో మూత గట్టిగా పట్టే డబ్బాలోనే ఉంటుంది, ఇప్పటిదాకా అద్దం శుభ్రంగానే ఉంది.